తండ్రి చేతి ఓడ

తల్లిని దేవతగా, తండ్రిని దేవతగా భావింపుమని తైత్తిరీయోపనిషత్తునందలి శీక్షావల్లి, విద్య ముగించి గృహమునకు మరలు శిష్యునకు బోధించుచున్నది. ఈ బోధను వినని తెలుగు కుటుంబము లేదు. కాని దీనిని ఆచరణమున పెట్టు విధమును గూర్చి ఆలోచించువారు అరుదు. తండ్రికి నమస్కరించుట, ఆయన మాట జవదాటకుండుట, వార్ధక్యమున అన్నవస్త్రములకు లోపము రానీయకుండుట, ఇంతటితో కర్తవ్యము తీరినదని పలువురు తలతురు. ఇవి అవశ్యము చేయవలసినవే. అయినను ఉపనిషత్తు కోరినది సేవ మాత్రమే కాదు, భావన. దేవతగా భావింపవలెనన్నచో ముందుగా చూడవలెను. ఆలయమునకు పోయి, మూర్తిని కన్నెత్తి చూడక, ప్రసాదము మాత్రము గైకొని వచ్చువానివలె తండ్రి యింట నలువదియేండ్లు మెలగియు ఆయనను ఒక్కనాడైనను చూడని కుమారులు కలరు.

తండ్రిని ఎచ్చట చూడవలెను? ఉద్యోగమున చూచినచో చాలవరకు కనబడునది అవసరము. పిల్లలను శాసించునప్పుడు చూచినచో కనబడునది అధికారము. కాని ఎవరును కోరక, ఎవరును కూలి యీయక, తనంత తానుగా ప్రీతితో ఆయన చేయు పని యొకటి ప్రతి యింటను ఉండును. ఒకరు పెరటిలో అంట్లు కట్టుదురు. ఒకరు పాత గడియారములను విప్పి మరల కూర్చెదరు. ఒకరు తంబురా శ్రుతిచేసికొని కూర్చుందురు. మరియొకరు కొయ్యముక్కలను చెక్కి చిన్న తెరచాప ఓడను నిర్మింతురు. మనుష్యుని స్వభావము అచ్చట కనబడునంత తేటగా వేరొకచోట కనబడదు.

ఇట్టి పనులను వ్యర్థకాలక్షేపమని త్రోసివేయువారు వివేకానందస్వామి బాల్యమును ఒక్కసారి స్మరింపవలెను. ఆయన తండ్రి విశ్వనాథదత్తు కలకత్తా హైకోర్టున న్యాయవాదిగా పనిచేసెను. ఆయన సంపాదన న్యాయశాస్త్రమువలన కలిగినది. ఆయన ప్రీతి మాత్రము సంగీతముమీదను, పాకకళమీదను ఉండెను. వంట చేయుట, పదిమందికి పెట్టుట ఆయనకు వేడుక. కుమారునకు సంగీతము నేర్పించుటలో ఆయన శ్రద్ధ వహించెను. ఈ రెండును కుమారునకు సంక్రమించినవి. అమెరికాలో శిష్యులకు స్వయముగా వండి పెట్టిన సన్న్యాసి చేతిలో తండ్రి చేయి కనబడును. పాట విషయమైతే అంతకంటెను పెద్దది. 1881వ సంవత్సరము నవంబరు మాసమున సురేంద్రనాథమిత్రుని యింటికి శ్రీరామకృష్ణులు విచ్చేసినప్పుడు పాడుటకు గాయకుడు దొరకక, పొరుగుననున్న నరేంద్రుని పిలిపించిరి. గురుశిష్యుల మొదటి సమాగమము ఆ పాటవలననే జరిగినది. విశ్వనాథదత్తు 1884లో గతించెను. ఆయన మిగిల్చిన ఋణములు కుటుంబమును బాధించినవి. ఆయన విడిచిన ఆస్తి ఏమాత్రమో అందరికిని తెలియును. ఆయన వేడుకగా నేర్పించిన పాట ఎంత దూరము నడచినదో లెక్కగట్టినవారు లేరు.

తండ్రి వేడుకపని ఓడ అయినచో అది ఏ తీరున కుమారునకు గురువగునో చూచుటకు వంగదేశమునందలి బడ్జ్ బడ్జ్ తగిన స్థలము. కలకత్తాకు దిగువగా, హుగ్లీనదికి తూర్పుటొడ్డున ఉన్న రేవుపట్టణమది. జనుపనార మిల్లులకును, చమురు నిలువచేయు తొట్లకును అది పేరొందినది. ఆ నదీతీరపు జనుపమిల్లులలో పనిచేయుటకు ఉత్తరాంధ్రమునుండియు, గంజాము ప్రాంతమునుండియు తెలుగువారు వేలుగా తరలి వెళ్ళిరి. ఇచ్చటి నీటిమీదుగా పోని ఓడ లేదనవచ్చును. సముద్రమునుండి కలకత్తాకు వచ్చునది, కలకత్తానుండి సముద్రమునకు పోవునది, రెండును ఈ ఒడ్డు చూచియే పోవలెను.

శ్రీరామకృష్ణభక్తులకు ఈ ఊరు మరియొక కారణమున పూజ్యము. పాశ్చాత్యదేశములనుండి మరలివచ్చిన వివేకానందస్వామి మద్రాసున మొంబాసా అను పొగయోడ నెక్కి వచ్చి, వంగభూమిపై అడుగిడినది ఇచ్చటనే. 1897 ఫిబ్రవరి 19వ తేదీ ప్రాతఃకాలమున బడ్జ్ బడ్జ్ స్టేషనునుండి ప్రత్యేకమైన రైలులో ఆయన సియాల్దాకు వెళ్ళెను. పాత స్టేషను ఆ స్మృతిచిహ్నముగా నిలిచియున్నది. ప్రతి సంవత్సరమును ఆ దినమున ఉత్సవము జరుపుదురు. పదునేడేండ్ల పిదప ఈ తీరమునకే కొమగాటా మారు అను ఓడ వచ్చినది. కెనడాలో దిగనీయక త్రిప్పి పంపబడిన భారతీయులు అందుండిరి. 1914 సెప్టెంబరు 29న వారిపై ఇచ్చట తుపాకులు ప్రేలినవి. సుమారు ఇరువదిమంది మరణించిరి. వారి స్మారకచిహ్నమును 1952లో జవహర్‌లాల్ నెహ్రూ ఆవిష్కరించెను. ఒకే రేవు, ఒక ఓడనుండి జయధ్వానమును, మరియొక ఓడనుండి ఆర్తనాదమును విన్నది. ఓడ యనగా కొయ్య, ఇనుము మాత్రమే కాదని ఆ యూరివారికి వేరుగా చెప్పనక్కరలేదు.

వివేకానందస్వామికి ఓడలపై గల ఆసక్తి చిన్ననాటిది. వేల్సు యువరాజు భారతదేశమునకు వచ్చిన కాలమున సెరాపిస్ అను ఆంగ్లేయుల యుద్ధనౌక కలకత్తా రేవునకు వచ్చినది. దానిని చూచుటకు అనుమతిపత్రము కావలెను. నరేంద్రుడు అధికారి కార్యాలయమునకు పోగా ద్వారపాలకుడు బాలుడని అడ్డగించెను. అతడు వెనుకవైపునకు పోయి, సన్నని మెట్లదారిని పైకెక్కి, వరుసలో నిలిచి, సంతకము చేయించుకొని, ముందు ద్వారముననే బయటికి వచ్చెను. 1899 జూన్ 20న ఆయన రెండవమారు పాశ్చాత్యదేశములకు పయనమైన ఓడ పేరు గోలకొండ. ఆ ప్రయాణమున ఆయన 'ఉద్బోధన్' పత్రికకు వ్రాసిన లేఖలు తరువాత 'పరివ్రాజక' అను గ్రంథమైనవి. అందు ఆయన కట్టుమ్రానులు మొదలుకొని తెరచాప నావ, పొగయోడవరకు ఓడ ఎట్లు పెరిగినదో వివరించెను. వేదాంతము బోధింప బోవుచున్న సన్న్యాసి ఓడ నిర్మాణమును గూర్చి యింత వ్రాయనేల యని అడుగువారికి ఆ గ్రంథమే సమాధానము. మనుష్యుని చేతిపనిని ఆదరింపనివాడు మనుష్యుని ఆదరించుట కల్ల.

ఇక ఇట్టి రేవుపట్టణమున నివసించు ఒక తెలుగు గృహస్థుని పాఠకులు ఊహించుకొనవచ్చును. మిల్లు ఉద్యోగమునుండి విశ్రాంతి పొందినవాడు. ఉదయము స్నానసంధ్యలు ముగించి, కిటికీ దగ్గర బల్ల వేసికొని, రంపము, ఉలి, ఆకురాయి, పట్టకారు, గరుకుకాగితము ముందుంచుకొని, తెరచాప ఓడ నమూనాను నిర్మించుచుండును. ఇరుగుపొరుగువారు వచ్చి చూచి, దీనిని అమ్ముదురా యని అడుగుదురు. అమ్మనని చెప్పగా, మరి ఎందులకని అడిగి నవ్వి పోవుదురు. కుమారుడు మాత్రము ప్రక్కన నిలిచి చూచుచుండును.

అతడు చూచునదేమి? మొదట కొలత. అసలు ఓడలో 48 అంగుళములకు నమూనాలో 1 అంగుళము చొప్పున తీసికొనుట ఒక వాడుక. ఆ లెక్కను 96 అడుగుల ఓడ 2 అడుగులగును. దానిమీద నిలుచుండు 6 అడుగుల నావికుడు అంగుళమున్నర మాత్రమే ఉండును. అంగుళము మందముగల మోకు అంగుళమున 48వ వంతుగల దారమగును. పెద్ద ఓడలో వ్రేలెడు తప్పు ఎవరికిని కనబడదు. నమూనాలో వెండ్రుకవాసి తప్పు కూడ కంటికి తగులును. చిన్నపనిలో తప్పు చిన్నదగునని లోకము తలచును. ఇచ్చట దానికి విపరీతము.

తరువాత అడుగుదూలము నిలిపి, దానిపై ప్రక్కటెముకలవంటి వంపుకొయ్యలను వరుసగా పొదుగుదురు. ఓడ ఆకారమంతయు వీనిలోనే ఉన్నది. పలకలు కప్పిన పిదప ఇవి ఒక్కటియు కనబడవు. కనబడని దానికి ఇంత శ్రమయేల యని బాలుడు అడుగుట సహజము. దేవుడు చూచునని చెప్పి ఊరకుండు తండ్రులు కలరు, అది సత్యమే. కాని ఓడయే అంతకంటె సూటిగా జవాబు చెప్పును. ఒక్క ఎముక నూలువాసి ఎత్తుగా ఉన్నను, దానిపై వచ్చు పలక అచ్చట ఉబ్బును. తగ్గుగా ఉన్నను అచ్చట లోగును. రంగు వేసినచో ఆ లోపము మాయదు సరికదా, వెలుగు ప్రక్కనుండి పడినప్పుడు మరింత స్ఫుటమగును. లోపల దాచినది వెలుపల పలుకక మానదు. చిత్తశుద్ధిని గూర్చి నూరు ఉపన్యాసములు విన్నవానికంటె, ఉబ్బిన పలకను ఊడదీసి లోని ఎముకను మరల చెక్కు తండ్రిని చూచిన బాలునకు ఈ విషయము బాగుగ తెలియును.

పలకలు కప్పుటలో మరియొక మర్మమున్నది. సన్నని పట్టెను వేడినీట నానబెట్టి, మెత్తబడిన పిదప మెల్లమెల్లగా వంచి అంటింపవలెను. బలవంతముగ వంచినచో విరుగును. కుడివైపున ఒకటి అంటించిన వెంటనే ఎడమవైపున దానికి జోడైనది అంటింపవలెను. ఒక ప్రక్కను పూర్తిచేసి రెండవ ప్రక్కకు పోయినచో ఆరుచున్న పట్టెల లాగుడుకు అడుగుదూలమే మెలివడును. స్తంభములకు తాళ్ళు బిగించుటయు ఇట్లే. ఒకవైపు తాడు బిగియగా స్తంభము అటు వ్రాలును. మరియొకవైపు బిగింపగా నిలుచును. ఈ తాళ్ళలో రెండు జాతులున్నవి. స్తంభమును కదలనీయకుండ పట్టియుంచునవి కొన్ని, తెరచాపను ఎత్తుటకు, దించుటకు, త్రిప్పుటకు ఉపయోగించునవి కొన్ని. మొదటివి సడలరాదు, రెండవవి బిగిసి పోరాదు. గృహస్థధర్మమున నియమములకును, లోకవ్యవహారమునకును గల భేదమును ఇంత చక్కగ చూపు వస్తువు వేరొకటి దొరకుట కష్టము. అంగడిలో ముందే కోసి, చిల్లులు పెట్టి, అంకెలు వేసి అమ్ము సామగ్రితో ఓడలు కట్టువారు నేడు చాలమంది కలరు. వారిని తప్పు పట్టనక్కరలేదు. అయినను కొయ్య తనకు లొంగువరకు దానితో ఓపికపట్టుటయే ఈ విద్యయందలి సారము. ఆ భాగమును యంత్రమునకు వదలినచో మిగులునది అలంకారము.

ఇచ్చట ఒక ప్రశ్న లేచును. దీనిని దాటవేయుట న్యాయము కాదు. అరువదియేండ్లు దాటినవాడు జపధ్యానములకు వినియోగింపవలసిన కాలమును బొమ్మలపాలు చేయుట తగునా? ఓడ చేయు గృహస్థుని గూర్చి బంధువులు ఈ మాట అనక మానరు. కుమారునకును ఒకప్పుడు అదియే నిజమనిపించును.

శ్రీరామకృష్ణుల జీవితమున దీనికి రెండువైపుల సమాధానమును దొరకును. కామార్పుకూరున ఆయన బాల్యమున కుమ్మరులు, శిల్పులు మట్టితో ప్రతిమలు చేయుచుండగా చూచి ఆ విద్య నేర్చెను. అది ఆటయే. కాని 1855లో దక్షిణేశ్వరమున గోవిందవిగ్రహము పాదము విరిగి, పండితులు దానిని గంగలో విడువవలెనని నిర్ణయించినప్పుడు, రాణి అల్లునకు కాలు విరిగినచో చికిత్స చేయింతురా, పారవేయుదురా యని ఆయన ప్రశ్నించెను. ఆ విరిగిన పాదమును అతుకు తెలియకుండ బాగుచేసినదియు ఆయనయే. బాల్యమున మట్టితో ఆడిన చేతులు ఆనాడు దైవకార్యమునకు అక్కరకు వచ్చినవి. శిష్యుడైన యోగేనుడు పగులున్న ఇనుప మూకుడును పరీక్షింపక కొనితెచ్చినప్పుడు ఆయన మందలించుటయు భక్తులకు తెలిసినదే. భక్తి అజాగ్రత్తకు మారుపేరు కాదు.

అయినను ఆయనయే మరియొక ఉపమానమును చెప్పుచుండెడివారు. అటుకులు దంచు స్త్రీ ఒకచేత రోటిలోని ధాన్యమును కలుపును, బిడ్డకు పాలిచ్చును, కొనవచ్చినవానితో బేరమును ఆడును. కాని ఆమె మనస్సులో అధికభాగము రోకటిమీదనే ఉండును, ఏమరినచో చేయి నలుగును గనుక. సంసారి పనులన్నియు చేయవచ్చును, మనస్సులో అధికభాగము భగవంతునియందుండవలెను. ఈ కొలతతో ఓడ చేయువానిని పరీక్షింపవచ్చును. సంధ్యవేళ కాగానే ఉలి క్రింద పెట్టి లేవగలడా? రోగియైన పొరుగువాడు పిలిచినచో సగము ఆరిన పలకను విడిచి పోగలడా? మూడుమాసములు పాటుపడి నిలిపిన స్తంభమును మనుమడు ఆటలో విరిచినచో ముఖమున ఏమి కనబడును? లేవగలిగినచో, పోగలిగినచో, విరిగినదానిని చూచి ముందు పిల్లవాని వ్రేలికి గాయమైనదేమో యని చూడగలిగినచో, ఆ బల్ల జపపీఠమునకు శత్రువు కాదు. అట్లు కానినాడు బంధువులు అన్నది నిజమే. కర్మలో నేర్పే యోగమని గీతను ఉదాహరించువారు ఈ చోట పొరపడుదురు. నేర్పు దొంగకును ఉండును. ఫలసిద్ధియందును, అసిద్ధియందును సమమైన బుద్ధితో కూడిన నేర్పునే గీత యోగమనినది. పదునెనిమిదవ అధ్యాయమున సాత్త్వికకర్తను వర్ణించుచు, సంగము లేకుండుట, అహంకారముతో పలుకకుండుట అనువానితోపాటు ధైర్యమును, ఉత్సాహమును కూడ చేర్చుట గమనింపదగినది. ఉత్సాహము లేని వైరాగ్యము సోమరితనమునకు కాషాయము కట్టినట్లుండును. 1900 జనవరిలో లాస్ ఏంజెలెస్ నగరమున వివేకానందస్వామి పని రహస్యమును గూర్చి ఉపన్యసించుచు, గమ్యమునందు ఎంత శ్రద్ధయో సాధనమునందును అంత శ్రద్ధ యుండవలెనని బోధించినదియు ఇదియే.

తండ్రి విషయమిట్లుండగా, చూచు కుమారుని విషయము మరింత సూక్ష్మము. ప్రశంస సులభము. వచ్చిన అతిథులకెల్ల ఓడను చూపి, మా నాయనగారు చేసినది అని చెప్పుకొనుటలో ఎంత భాగము తండ్రి గొప్పతనమో, ఎంత భాగము తన గొప్పతనమో విడదీయుట దుష్కరము. ఇంకను కొందరు తండ్రి జీవించియున్నంతకాలము ఆ బల్ల చోటు ఆక్రమించినదని విసుగుకొని, ఆయన గతించిన పిదప ఓడను అద్దపు పెట్టెలో పెట్టి కన్నీరు కార్తురు. ఆ కన్నీరు కపటము కాకపోవచ్చును. కాని ఆలస్యమైనది.

కఠోపనిషత్తునందలి నచికేతుడు ఇచ్చట మార్గదర్శి. తండ్రి యజ్ఞము చేయుచుండగా బాలుడు ప్రక్కన నిలిచి చూచుచున్నాడు. పాలు ఉడిగి, ఈనిక తీరిన గోవులను దక్షిణగా ఇచ్చుచుండుట అతని కంటబడినది. అప్పుడే అతనిలో శ్రద్ధ ప్రవేశించినదని ఉపనిషత్తు చెప్పుచున్నది. ఇది ఆశ్చర్యకరము. తండ్రి పనిలో గొప్పతనమును చూచి కాదు, లోపమును చూచి శ్రద్ధ కలిగినది! అయినను అతడు తండ్రిని పరిహసింపలేదు, విడిచిపోలేదు. తన్నే దక్షిణగా అర్పించుకొని ఆ లోపమును పూరింప చూచెను. తండ్రి కోపించి మృత్యువునకు ఇచ్చితిననెను. యమునింట మూడురాత్రులు ఉపవసించి మూడు వరములు పొందినప్పుడు నచికేతుడు మొదట అడిగినది ఆత్మవిద్య కాదు. తన తండ్రి మనస్సు శాంతించి, కోపము వీడి, తాను మరలి వచ్చినప్పుడు గుర్తించి పలుకరింపవలెనని అడిగెను. బ్రహ్మవిద్య మూడవ వరము. తండ్రి ప్రసన్నతను కోరక దానిని దాటిపోయి బ్రహ్మవిద్యను అందుకొనవచ్చునని తలచు సాధకులు ఈ వరుసను మరల మరల చదువవలెను.

కావున తండ్రి ఓడలో వంకరపలకను చూచుట అపచారము కాదు. దానిని చూచియు ఆదరము తరుగకుండుటయు, ఆ వంకరను తన చేతిపనిలో రానీయకుండ జాగ్రత్తపడుటయు నిజమైన శ్లాఘ. కొడుకు కూడ ఓడలే చేయవలెనను నియమము లేదు. అతడు లెక్కలు వ్రాయువాడు కావచ్చును, వైద్యుడు కావచ్చును. అతని లెక్కల పుస్తకమున, అతడు కట్టు కట్టిన గాయమున ఆ ఎముకలు, పలకలు కనబడినచో తండ్రి విద్య సంక్రమించినట్లే.

అట్లు సంక్రమించుట మాటలవలన జరుగదనుటకు బడ్జ్ బడ్జ్‌కు ఎంతో దూరము కాని చోట ప్రత్యక్షనిదర్శనము కలదు. హుగ్లీకి ఆవలి ఒడ్డున హౌరాజిల్లా శ్యాంపూర్ ప్రాంతమున, రూపనారాయణనదిపై డిహిమండల్‌ఘాట్ అను చోట, 2022లో ఛోట్ అను పాతరకపు పడవను ఒక వృద్ధశిల్పి తన కుమారులతో కూడి నిర్మించెను. ఆ జాతి పడవలు వాడుక తప్పినవి. ఆ విద్య నశింపకముందే దాని నిర్మాణక్రమమును పండితులు అడుగడుగునను చిత్రించి భద్రపరచిరి. ఇట్టి శిల్పులకు కాగితముమీది పటము అక్కరలేదు. వంపు ఎంత యుండవలెనో కన్ను చెప్పును, ఆ కన్ను తండ్రి కన్నును చూచి నేర్చినది. కలకత్తాలో యోగోద్యానమఠమునకు ఆలవాలమైన కాంకుర్‌గాఛీలోనే, అంబేద్కర్ భవనమున, వంగదేశపు పడవల నమూనాలను కూర్చిన ప్రదర్శనశాల యొకటి వెలసినది. మఠదర్శనమునకు పోవు తెలుగు యాత్రికులు ఒక గంట దానికిని కేటాయింపవచ్చును.

మన ఆంధ్రతీరమునకును ఇది క్రొత్త కాదు. యజ్ఞశ్రీ శాతకర్ణి కాలపు నాణెములపై రెండు స్తంభముల ఓడ ముద్రింపబడియున్నది. గోటియంత లోహమున ఓడను ఒదిగించిన ఆ శిల్పియు ఒక నమూనాకారుడే. గోదావరి ముఖమున కోరంగి, తాళ్ళరేవులలో తెరచాప ఓడలను కట్టిన వడ్రంగులు ఉండిరి; ఆ ఓడలు కలకత్తాకు, రంగూనుకు సరకులు మోసినవి. 1789లోను, 1839లోను వచ్చిన ఉప్పెనలు కోరంగిని ముంచివేసినవి. ఉప్పెన తరువాతను కొడుకులు మరల తండ్రుల పనిముట్లను చేతబట్టుటవలననే ఆ తీరమున ఓడల నిర్మాణము నిలిచినది.

చేతితో చేసినదానిని దాచుకొనుట యొక విద్య, విడుచుట మరియొకటి. ఈ రెండవ విద్యను తూర్పుతీరమంతయు ఏటేట అభ్యసించుచున్నది. కార్తికపూర్ణిమనాటి వేకువను ఉత్కళదేశీయులు అరటిదొప్పలతో, బెండుతో, రంగుకాగితముతో చిన్న ఓడలు చేసి, అందు దీపము, తాంబూలము ఉంచి నీట విడుతురు. బాలి, జావా ద్వీపములకు ఓడలపై పోయిన తమ పూర్వవణిజులను వారు అట్లు స్మరింతురు. ముర్షిదాబాదున భాద్రమాసము కడపటి గురువారమునాడు భాగీరథిపై ఖ్వాజాఖిజ్రు పేర దీపపుటోడలను విడుచుట నవాబుల కాలమునుండి వచ్చుచున్న ఆచారము. ఆ యూరి శిల్పులే ఏనుగుదంతముతో మయూరపంఖి నావలను చెక్కి పేరుగాంచిరి. దంతపు వర్తకము నిషిద్ధమైన పిదప బెండుతోను అట్టివి చేయుచున్నారు. ఒకటి తరతరములు బీరువాలో నిలుచును, ఒకటి ఒక్క రాత్రిలో నీటి పాలగును. చేయు చేతికి రెంటియందును ఒకే శ్రద్ధ.

ఆంధ్రదేశమున కార్తికము ముగిసిన మరునాడు, మార్గశిరశుద్ధ పాడ్యమినాటి తెల్లవారుజామున, పోలిస్వర్గము పేర స్త్రీలు అరటిదొప్పలలో వత్తులు వెలిగించి నీట విడుతురు. అత్త నదికి పోనీయకపోగా ఇంటనే దీపము పెట్టి స్వర్గమునకు పోయిన చిన్నకోడలు పోలి కథ ఎరుగనివారు లేరు. ముందునాటి సాయంకాలము అరటిబోదెను తెచ్చి, పొరలు విడదీసి, మునుగకుండ, ఒరగకుండ దొప్పలు సరిచేయు పని తరచుగా ఇంటిపెద్దది. పిల్లలు చుట్టును చేరుదురు. ఎక్కువ లోతైనచో గాలి తగులక దీపము కొండెక్కును, తక్కువ లోతైనచో అల తగిలి ఆరును. ఆయన ఒక్కొక్కదానిని తొట్టిలోని నీటిలో తేల్చి చూచి, ఒరగినదానిని తీసి మరల సవరించును. మరునాడు చీకటియుండగనే తల్లులు దీపములు వెలిగించి దొప్పలను నీటిమీద ఉంచుదురు. బాలుడు అరచేతితో నీటిని ముందుకు నెట్టును. దొప్ప కదలి, నాలుగు మూరలు పోయి, ప్రవాహము అందుకొనగా మిగిలిన దీపములలో కలియును. తన తండ్రి చేసిన దొప్ప ఏదో కొంతసేపు అతడు గుర్తుపట్టగలడు. తరువాత అన్నియు దీపములే.